కరువు పనిలో ఆటకు చోటు

ఉపాధి హామీ పనిని మన పల్లెల్లో ఇప్పటికీ చాలామంది ‘కరువు పని’ అనే అంటారు. ఆ మాట వింటే కళ్ల ముందు మెదిలేది పలుగు, పార, తట్ట. నేను వచ్చి స్థిరపడిన అమెరికాలోనూ ఒకప్పుడు కరువు పని పెట్టారని, పిల్లల చేత ఆటలాడించడాన్ని కూడా అందులో పనిగానే లెక్కకట్టారని చెబితే సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో నవ్వేవాళ్లు ఉండొచ్చు. అప్పట్లో ఇక్కడా నవ్వారు. 1929లో షేర్ మార్కెట్ కూలింది. బ్యాంకులు, వాటి వెనకే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1933 నాటికి పని చేయగలవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. 1935 మేలో రూజ్వెల్ట్ ప్రభుత్వం డబ్ల్యూపీఏ (వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్) అనే సంస్థను పెట్టి హ్యారీ హాప్కిన్స్‌కు అప్పగించింది. 1943లో మూసేదాకా సుమారు 85 లక్షల మంది అందులో కూలో జీతమో తీసుకున్నారు. రోడ్లు, వంతెనలు, బడులు ఎటూ కట్టారు. వేల పార్కులు, వందల ఈతకొలనులు కూడా కట్టారు. 1936 ఎండాకాలంలో ఒక్క న్యూయార్క్‌లోనే 11 పెద్ద కొలనులు తెరిచారు.

అయితే నా దృష్టిలో కొలను తవ్వడం కన్నా, దాని గట్టున నిలబడి ఈత నేర్పే మనిషికి జీతమివ్వడమే పెద్ద విషయం. ఆటలాడించేవాళ్లనూ, చేతిపనులు నేర్పేవాళ్లనూ ఎక్కువగా నిరుద్యోగుల జాబితాలోంచే తీసుకున్నారు. ఎగతాళి అంతా వీళ్ల మీదే. డబ్ల్యూపీఏ పుట్టకముందే, 1935 ఏప్రిల్‌లో, న్యూయార్క్ నగర సహాయ పనుల మీద జరిగిన విచారణలో ఒక చేతిపనుల టీచరు తాను నేర్పే తోలు, తాళ్ల వస్తువులను ‘బూన్‌డాగుల్’ అంటారని చెప్పాడు. మర్నాడు పత్రికలకెక్కిన ఆ పదం సర్కారు సొమ్ముతో చేసే పనికిమాలిన పనికి ఇంగ్లిష్‌లో శాశ్వతంగా పేరైపోయింది. రోడ్డేస్తే రోడ్డు మిగులుతుంది, ఆటాడిస్తే ఏం మిగులుతుందని ఎగతాళి చేసేవాళ్ల ప్రశ్న. బడి పంతులు పాఠం చెప్పాక మాత్రం ఏం మిగులుతుంది? ఆ జీతాన్ని దండగని ఎవరూ అనరే!

ఇక్కడ జరిగిందంతా ఒప్పని చెప్పను. నిరుద్యోగం చివరికి తీరింది యుద్ధపు ఆర్డర్లతోనే. దక్షిణాదిలో చాలా కొలనుల్లోకి నల్లవాళ్లను రానివ్వలేదు. అందరినీ రానివ్వక తప్పని రోజు వచ్చినప్పుడు మిసిసిపీలోని జాక్సన్ నగరం 1963లో తన కొలనులనే మూసేసింది. 1971లో సుప్రీంకోర్టు దాన్నీ సమర్థించింది. అందరి డబ్బుతో కట్టినది అందరిదీ అవుతుందన్న భరోసా లేదన్నమాట. ఊరికీ వాడకీ మధ్య గీత ఎరిగిన మనకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన మన ఉపాధి హామీలో ఆటస్థలం చదును చేయడాన్నీ పనిగానే లెక్కకట్టారు. ఆ నిధులతోనే 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. కానీ ఆ చట్టం కూలి ఇచ్చింది నైపుణ్యం అక్కర్లేని కాయకష్టానికే. ఖర్చులో కనీసం 60 శాతం అలాంటి కూలికే పోవాలని అందులో నియమం పెట్టారు. మట్టి ఎత్తినవాడు మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఉంటాడు, కబడ్డీ నేర్పేవాడు ఉండడు. ఆడించే మనిషి లేని చోట బోర్డు ఒకవైపు నిలిచి, పిచ్చిమొక్కలు ఒకవైపు పెరిగితే తప్పు పిల్లలది కాదు. డబ్బులేవీ అంటారా? కొత్తగా కోట్లు తెమ్మనడం లేదు. నైపుణ్యాన్ని బట్టి డబ్ల్యూపీఏ నెలకు 19 నుంచి 94 డాలర్ల దాకా ఇచ్చినట్టు, ఆ మస్టర్‌లోనే ఇంకో వరుస గీయమంటున్నాను. ఇదీ పల్లెల సంగతే. డబ్ల్యూపీఏ నగరాలకు కూడా వర్తించింది, మన చట్టం పల్లె పొలిమేర దాటలేదు. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చడానికి 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లిన తొలి శ్రామిక రైల్లో సుమారు 1,200 మంది ఎక్కారు. వాళ్లలో సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ కట్టడం పనిచేసినవాళ్లు ఉన్నారు. సొంతూరు చేరితే పలుగూ పారా అయినా దొరుకుతాయి. పాశమైలారం దగ్గరి ఇస్నాపూర్ అద్దె గదిలో షిఫ్టు పోగొట్టుకుని కూర్చున్న కాంట్రాక్టు కార్మికుడికి ఆ మస్టర్‌లో పేరే లేదు.