నిలబడి నేర్చుకున్న ఆట

మా నాన్న చదరంగం ఇంట్లో ఆడేవాడు కాదు. శాలిబండలో మా గల్లీ చివర ఒక మూతపడ్డ దుకాణం, దాని ముందు చబుత్రా. పొద్దుగూకేసరికి అక్కడ బిసాత్ పరిచేవాళ్ళు. చుట్టూ ఏడెనిమిది మంది మగవాళ్ళు, పక్కనున్న ఇరానీ హోటల్ నుంచి చాయ్. అన్నానికి పిలుచుకు రమ్మని అమ్మ నన్ను పంపేది. ‘వస్తున్నా పో’ అనేవాడు నాన్న. నేను పోయేదాన్ని కాదు. గుర్రం నడక, ఏనుగు నడక అలా నిలబడే నేర్చుకున్నాను. ఒకరోజు ఆ గుంపులో పెద్దాయన ‘జా బేటీ, ఘర్ జా’ అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే. మర్నాటి నుంచి నాన్నని పిలవడానికి తమ్ముణ్ణి పంపారు. నాకప్పుడు పదకొండేళ్ళు. అది 1977.

ఆ ఏడాదే మా ఊళ్ళో, అంటే హైదరాబాదులోనే, జాతీయ మహిళల చదరంగం పోటీలు జరిగాయి. ఈ సంగతి నాకు తెలిసేసరికి నా తల సగం నెరిసింది. గెలిచింది రోహిణీ ఖాడిల్కర్ అనే బొంబాయి పిల్ల. ఆమెకప్పుడు పద్నాలుగేళ్ళు, నాకంటే మూడేళ్ళు పెద్ద, అంతే. మా చబుత్రా మీద చదరంగం తప్ప వేరే మాటే ఉండేది కాదు. అయినా ఆ పోటీల గురించి అక్కడ ఒక్క ముక్క విన్న గుర్తు లేదు.

రోహిణి కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వాసంతి, జయశ్రీ, రోహిణి ముగ్గురక్కచెల్లెళ్ళు. 1974లో బెంగళూరులో జరిగిన మొట్టమొదటి జాతీయ మహిళల పోటీలో వాసంతి గెలిచింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆ బిరుదు ఈ ఇంట్లోనే తిరిగింది. 1976లో రోహిణి పురుషుల జాతీయ పోటీలో ఆడింది. పదమూడేళ్ళ పిల్ల మగవాళ్ళ ఎదురుగా కూర్చుని ఆడటమే కాదు, కొందరు రాష్ట్ర ఛాంపియన్లని ఓడించింది కూడా. దాంతో గొడవ మొదలైంది. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. చివరికి ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే, ఆయన ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ కూడా, ఏ జాతీయ, అంతర్జాతీయ పోటీ నుంచీ ఆడవాళ్ళని ఆడవాళ్ళన్న కారణంతో మినహాయించకూడదని తేల్చి చెప్పాడు.

బరువులెత్తే ఆట కాదు, పరుగు పందెం కాదు. కూర్చుని ఆలోచించే ఆట. ఆ కూర్చోవడానికే కోర్టు కావలసి వచ్చింది.

ఇంత పోరాడిన పిల్ల మరుసటేడు హైదరాబాదుకి వచ్చి ఆడింది మళ్ళీ మహిళల పోటీలోనే. 1981లో ఆసియా మహిళల పోటీలు కూడా ఇక్కడే జరిగాయి. పన్నెండింట పదకొండున్నర పాయింట్లతో, ఒక్క ఆటా ఓడకుండా గెలిచింది. చూడండి, ఎంత అసాధారణమైన స్కోరో! ఈ విడి పోటీల్ని ఏమనాలి? తలుపనాలా, గోడనాలా? మహిళల పోటీలే లేకపోతే ఆ రోజుల్లో ఏ తల్లిదండ్రులు ఆడపిల్లని ఊరు దాటించి పంపేవాళ్ళు? అదే సమయంలో ‘ఆడవాళ్ళలో మేటి’ అన్న మాట ఒక మెట్టు కింద పీట వేసి కూర్చోబెట్టడమే కదా. సాహిత్యంలో ‘రచయిత్రుల ప్రత్యేక సంచిక’ల గురించి మనం పడ్డ తర్జనభర్జనే ఇది. నాకు రెండూ నిజమేననిపిస్తుంది.

మన బోర్డు మీద రాణి లేదన్న సంగతి కూడా గమనించాలి. రాజు పక్కన తెలుగులో మంత్రి, ఉర్దూలో వజీర్. ఈ పావు యూరప్ వెళ్ళి రాణిగా మారింది. పదిహేనో శతాబ్దం చివర్లో బోర్డు మొత్తం మీద అన్నిటికన్నా బలమైనదయింది. ఆ కాలపు రాణుల అధికారానికి అది గుర్తు అనేవాళ్ళున్నారు. ఉండొచ్చు. కాని బోర్డు మీద రాణి బలపడ్డంత మాత్రాన బోర్డు ముందు ఆడవాళ్ళేమీ కిక్కిరిసిపోలేదు.

సత్యజిత్ రాయ్ ‘షత్రంజ్ కే ఖిలాడీ’ కూడా 1977లోనే వచ్చింది. అందులో భర్త ఆట మానడంలేదని ఖుర్షీద్ పావులు దాచేస్తుంది. మగవాళ్ళిద్దరూ కూరగాయలు పేర్చుకుని ఆడబోతారు. హాలంతా నవ్వుతుంది. ఖుర్షీద్ పాత్ర వేసిన షబానా ఆజ్మీ తల్లి షౌకత్ కైఫీది మన హైదరాబాదే. కథ లక్నోది గానీ, నాకు మాత్రం మా అమ్మే కనబడింది. నాన్న ఆడే బిసాత్ మీద నల్లగుడ్డ గళ్ళు కుట్టింది అమ్మే. ఒక్కసారి కూడా దాని ముందు కూర్చోలేదు.

ఖాడిల్కర్ అక్కచెల్లెళ్ళ తండ్రి నీలకంఠ్ ఖాడిల్కర్ ‘నవాకాళ్’ మరాఠీ పత్రిక సంపాదకుడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి కోసం తండ్రి అశోక్ అధ్యాపక ఉద్యోగం వదిలేసి తనే గురువయ్యాడు. ఆట నేర్చుకునే చోటు వీధి అయినప్పుడు ఆడపిల్లకి మిగిలేది ఇల్లొక్కటే. ఆ ఇంట్లో చదువు, తీరిక, డబ్బు, పట్టుదల ఉన్న తండ్రి ఉండాలి. పాతబస్తీ గల్లీల్లో అలాంటి ఇళ్ళెన్ని? హంపి ప్రతిభని తక్కువ చేయడం కాదిది. 2002లో పదిహేనేళ్ళకే ఆమె తెచ్చుకున్నది మహిళల గ్రాండ్‌మాస్టర్ బిరుదు కాదు, ఆడా మగా అందరికీ ఒకటే అయిన గ్రాండ్‌మాస్టర్ బిరుదు. అంత చిన్న వయసులో అంతవరకూ ఏ స్త్రీకీ అది రాలేదు. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో అదే బిరుదు సాధించింది. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భంతో ఆడింది. ఆ జట్టుకి కాంస్యం వచ్చింది. రెండేళ్ళ తర్వాత బుడాపెస్టులో హారిక ఉన్న జట్టే స్వర్ణం గెలిచింది.

బిడ్డ కోసం కొంతకాలం ఆటకి దూరంగా ఉన్న హంపి 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ రాపిడ్ ఛాంపియనయింది. ఆ వార్త నేనే అమ్మకి చదివి వినిపించాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది, ‘ఈమె అంత దూరం పోతే, పిల్లనెవరు చూసుకున్నారే?’