మష్క్ నుంచి మీటరు దాకా

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని మా పెద్దలంటారు. ఆ నీళ్లు ఎవరికి ఎంతకు దొరికాయో మాత్రం చరిత్ర రాసేవాళ్లకు పట్టదు. నవాబుల గురించి రాస్తారు, చార్మినార్ గురించి రాస్తారు. బిందెతో వరసలో నిలబడ్డ ఆడమనిషి ఏ పుటలోనూ కనిపించదు.

నీళ్లు మోసినవాడితో మొదలుపెడదాం. తోలుసంచి, అంటే మష్క్, భుజాన వేసుకుని ఇంటింటికీ నీళ్లు పోసినవాడు బిహిష్తీ. ఫార్సీలో బిహిష్త్ అంటే స్వర్గం. పేరులో స్వర్గం, వీపు మీద బరువు! వాడూ మావాడే. వాడికి కూలి ఇవ్వాల్సిందే కనుక పాతకాలంలో నీళ్లు ఊరికే వచ్చాయని మేం అనం. కానీ అది మోతకు కూలి. దాహానికి ధర కట్టడం సిగ్గుచేటు. కర్బలా దాహాన్ని తలచుకుని మొహరంలో సబీళ్లు పెట్టాం, ఇప్పటికీ పెడుతున్నాం. ఎండాకాలపు చలివేంద్రం కూడా అలాంటిదే. అయితే అంతా మంచే అనుకోకండి. ఇంగ్లీషువాళ్ల రైల్వేస్టేషన్లలో 'హిందూ పానీ', 'ముస్లిం పానీ' వేరుగా ఉండేవి. ఊరి బావి దగ్గర దళితులకు జరిగింది చెప్పనక్కర్లేదు.

1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచింది. విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట అంటే ఆ ఉస్మాన్‌సాగరే. వరదను ఆపడానికి కట్టిన కట్ట మా ఇళ్లకు నల్లా అయింది.

1989లో చట్టం చేసి వాటర్‌బోర్డు పెట్టారు. అప్పటినుంచి మాట మారింది. మనం ప్రజలం కాదు, వినియోగదారులం. నిజమే, కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్ల అవతలినుంచి పంపులతో ఎత్తి తేవాలి. ఆ కరెంటు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. మా తగువు ధర ఉండటంతో కాదు, అది ఎవరి నెత్తిన పడుతుందన్నదానితో.

2011 రేట్లు చూడండి. మామూలు ఇంటికి మొదటి పదిహేను వేల లీటర్ల దాకా వెయ్యికి 10 రూపాయలు. ముప్ఫై వేలు దాటితే 22. ఎక్కువ వాడేవాడు ఎక్కువ కట్టాలి, వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పాతబస్తీలో ఒకే గడప లోపల అన్నదమ్ముల సంసారాలు, కిరాయిదార్లు కలిపి నాలుగు పొయ్యిలు వెలుగుతాయి. నల్లా ఒకటే. నలుగురూ పొదుపుగా వాడినా మీటరుకు మాత్రం ఒకే దుబారా మనిషి కనిపిస్తాడు.

నల్లాయే లేనివాళ్ల సంగతి ఇంకా దారుణం. 2024 వేసవిలో అయిదు వేల లీటర్ల బోర్డు ట్యాంకరు 500 రూపాయలు, అంటే వెయ్యి లీటర్లకు 100. ఇరవై లీటర్ల డబ్బా పది రూపాయలకే దొరికిందనుకున్నా వెయ్యికి 500 పడుతుంది. ఇక ట్యాంకరు కోసం పనికి ఎగనామం పెట్టి కూర్చున్న రోజు కూలి ఏ రసీదులోనూ ఉండదు.

డబ్బా నీళ్లు షోకు కదా అనే పెద్దమనుషులకు 2009 మే నెల గుర్తుచేస్తున్నాం. భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లు కలుషితమై వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. పేద ముస్లింల బస్తీ అది. ఆ తర్వాత నల్లా నీళ్లు తాగమని ఏ తల్లికి చెప్పగలం? అన్నం ఖర్చు తగ్గించుకునైనా డబ్బా కొంటుంది.

2021 జనవరిలో నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితమన్నారు. మేం సంతోషించాం. నోటిఫై అయిన బస్తీలకు మీటరు అక్కర్లేదన్నారు, అదీ మంచిదే. మిగతావాళ్లు మీటరు పెట్టుకోవాలి, కనెక్షనుకు ఆధార్ కలపాలి. అపార్ట్‌మెంటులో ఫ్లాటుకొక లెక్క, విడి ఇంట్లో కనెక్షనుకొక లెక్క. అంటే మూడు పడగ్గదుల ఫ్లాటులో ఉన్న ముగ్గురికి ఇరవై వేలు, నాలుగు పొయ్యిల పాత ఇంటికీ అదే ఇరవై వేలు. కనెక్షను ఇంటిగలాయన పేరున ఉంటుంది. దాటిన నీళ్ల బిల్లును ఆయన నెల తిరక్కుండా కిరాయిలో కలిపేస్తాడు.