తార్నాకలో తేలిన ఆకలి లెక్క

సికింద్రాబాదు నుండి ఉప్పలు పోవు దారిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయము దాపున, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో మెకారిసన్ ఒకే గదిలో ప్రారంభించిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. ఇది వైద్యుల సంస్థ. కాని పేదరికమును కొలువవలసిన ఆర్థికవేత్తలకు కూడ ఇచట ఒక ముఖ్యమైన సంగతి తేలినది.

ఆ రోజులలో పేద దేశముల పిల్లలు చిక్కిపోవుటకు మాంసకృత్తుల కొరతయే మూలమని పెక్కుమంది శాస్త్రజ్ఞులు నమ్మిరి. ముంచుకు వచ్చుచున్న మాంసకృత్తుల సంక్షోభమును గురించి 1968లో ఐక్యరాజ్యసమితి నివేదిక హెచ్చరించినది. చేపల పొడి, ప్రత్యేకమైన పిండి మిశ్రమములు మొదలగు వానిపై ఎన్నో దేశములు ఆశలు పెట్టుకొనినవి. ఇది నిజమైనచో పేదవాని సమస్యకు మందు కర్మాగారములో దొరకును. కానిచో దానిని కూలి రేట్లలోను, ధాన్యపు ధరలలోను వెదకవలసి యుండును. రెండింటికి ఎంత భేదము!

1961 నుండి 1974 వరకు సంస్థకు సంచాలకులుగా ఉండిన డాక్టరు సి. గోపాలన్ రెండవ పక్షము వహించిరి. జొన్నలోను, బియ్యములోను, పప్పులోను మాంసకృత్తులు లేకపోలేదు. పిల్లవానికి ఆ తిండియే కడుపునిండ దొరకుట లేదు. శరీరమునకు ముందు కావలసినది శక్తి. అది చాలనప్పుడు తిన్న మాంసకృత్తులు ఎదుగుదలకు మిగులక శక్తి కొరకే ఖర్చయిపోవును. పొయ్యిలోనికి పుల్లలు లేక ఇంటి వాసములనే విరిచి పెట్టుట వంటిదిది.

మాటతో వదలక దీనిని పరీక్షించి చూచిరి. గోపాలన్, ఆయన సహచరులు చిన్నపిల్లలకు 14 మాసములపాటు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన తీపి వంటకమును ఇచ్చిరి. రోజునకు 310 కెలరీలు. మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. పసివాని పొట్ట చిన్నది కనుక కొద్ది పరిమాణములో ఎక్కువ శక్తి నిచ్చు నూనె ఇందులో బాగుగా అక్కరకు వచ్చినది. ఈ వంటకము తిన్న పిల్లలు తినని వారికంటె ఎత్తులోను, బరువులోను ఎక్కువగా ఎదిగిరి. ఫలితములు 1973లో ప్రకటింపబడినవి. మాంసకృత్తుల అవసరముపై అంతర్జాతీయ నిపుణుల అంచనాలు తగ్గినదియు ఆ సంవత్సరమే.

ఆర్థికవేత్తలు కూడ కెలరీలనే కొలబద్దగా తీసికొనిరి. 1971లో దండేకర్, రథ్ అనువారు రోజునకు 2250 కెలరీల ఆహారమునకు తగిన ఖర్చును లెక్కగట్టి, 1960–61 ధరలలో పల్లెలందు మనిషికి నెలకు 15 రూపాయలని తేల్చిరి. 1979లో ప్రభుత్వ నిపుణుల బృందము పల్లెలకు 2400, పట్టణములకు 2100 కెలరీలను ప్రమాణముగా పెట్టినది. 2009లో తెందూల్కర్ సంఘము ఈ పద్ధతిని విడిచి చదువు, వైద్యముల ఖర్చులను కూడ లెక్కలోనికి తెచ్చినది. తిండి ఒక్కటే బ్రతుకు కాదు కదా!

ఇంతకు ఆ తిండి పెద్దయిన పిమ్మట ఏమగును? 1987–90 మధ్య హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో సంస్థ ఒక పరిశీలన జరిపినది. వానిలో 15 గ్రామములందు గర్భిణులకు, ఆరేండ్లలోపు పిల్లలకు అదనపు ఆహారము లభించినది. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికింకను రాలేదు. 2003–05లో ఆ పిల్లలను వెదకి కొలువగా, ఆహారము అందిన గ్రామముల వారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుండిరి. ఆ సమాచారముతో 2016లో వెలువడిన మరొక అధ్యయనము ప్రకారము వారు చదివిన తరగతులు కూడ సగటున 0.84 ఎక్కువ. బడిలో నిలుచు అవకాశమును వారికే హెచ్చుగా కనబడినది.

గ్రామములను చీట్లు వేసి విభజింపలేదు కనుక ఈ అంకెలను కొంత జాగ్రత్తతో చదువవలెను. పథకము ముందు చేరిన గ్రామములకు వేరు అనుకూలతలును ఉండి యుండవచ్చును. 2010–12 పరిశీలనలో తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడ చేర్చి ఇంటిల్లిపాదిని కొలిచిరి.