ఒకే మాట, వేర్వేరు దఫ్తరులు
మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో పరిభాష చరిత్ర

అరబ్బీ భాషలో 'ముద్దఈ' అంటే దావా తెచ్చినవాడు. ఎవరి మీద దావా తేబడిందో అతడు 'ముద్దఆ అలైహి'. ఫిఖ్‌హ్ గ్రంథాలలో న్యాయవిచారణకు సంబంధించిన అధ్యాయాలు ఈ భేదం మీదనే నిలిచి ఉన్నాయి. సాక్ష్యం చూపవలసిన బాధ్యత ముద్దఈది. నిరాకరించేవాని వంతు ప్రమాణం చేయడం. కాని తెలుగు వాడుకలో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. మాట అదే, ధ్వని ఇంచుమించు అదే. అర్థం మాత్రం న్యాయస్థానంలో ఒక పక్షం నుంచి ఎదుటి పక్షానికి చేరింది. మద్రసాలో చదువుకున్నవాడు ఈ మార్పు ఎరుగక ఒక తెలుగు కోర్టు కాగితాన్ని చదివితే, ఫిర్యాది ఎవరో, నిందితుడు ఎవరో తారుమారు చేసుకుంటాడు. సాక్ష్యభారం ఎవరిదన్న ప్రశ్నకు కూడా తలకిందులైన జవాబు చెబుతాడు.

ఇటువంటి పొరపాటు భాష రానివానికి కలిగేది కాదు. భాష వచ్చినవానికే కలుగుతుంది. పదం మూలార్థం తెలుసు గనుక కాగితం అర్థమైందని అతడు నమ్ముతాడు. ఒక శాస్త్రంలో గాని, ఒక వృత్తిలో గాని పదానికి ఉండే అర్థాన్ని దాని ధాతువు కాక, ఆ వృత్తివారి ఒప్పుదల నిర్ణయిస్తుందన్న సంగతి మరచిపోవడమే ఇందుకు కారణం.

ఇస్తిలాహ్: ఒప్పుదల

పారిభాషిక పదానికి అరబ్బీలో ఉన్న పేరే ఈ సంగతి చెబుతుంది. 'ఇస్తిలాహ్' అన్న పదం 'సుల్హ్' అన్న మాట పుట్టిన ధాతువు నుంచే వచ్చింది. సుల్హ్ అంటే రాజీ, సమాధానం. ఒక విద్యకు చెందినవారు కూడి, ఈ మాటను ఈ అర్థంలో వాడుకుందామని చేసుకున్న ఒప్పందమే ఇస్తిలాహ్.

ముస్లిం పండితులు ఈ విషయాన్ని చాలా ముందుగా గ్రహించారు. క్రీస్తుశకం పదవ శతాబ్దపు చివరి భాగంలో, సామానీల కొలువుకు చెందిన అబూ అబ్దుల్లాహ్ అల్ ఖ్వారిజ్మీ 'మఫాతీహుల్ ఉలూమ్' అనే గ్రంథం రచించాడు. బీజగణితానికి ప్రసిద్ధుడైన ఖ్వారిజ్మీ వేరు, ఈయన వేరు. ఒకే మాటను వేర్వేరు విద్యలవారు ఎలా వేర్వేరుగా వాడతారో చూపడానికి ఆయన 'రజ్అత్' అన్న పదాన్ని తీసుకున్నాడు. మామూలు భాషలో దాని అర్థం తిరిగి రావడం. ధర్మశాస్త్రజ్ఞునికి అది, గడువు తీరకముందే తలాఖును ఉపసంహరించుకొని భార్యను తిరిగి స్వీకరించడం. ఖగోళజ్ఞునికి గ్రహం వక్రగతి పట్టడం. ఏ విద్యకు చెందినవాడు మాట్లాడుతున్నాడో తెలియక ఆ మాట విన్నవాడు దాని భావం పట్టుకోలేడు.

హదీసు శాస్త్రంలోని 'గరీబ్' కూడా ఇటువంటిదే. మన వాడుకలో గరీబు అంటే బీదవాడు. అరబ్బీ మూలార్థం పరదేశి, అపరిచితుడు. హదీసు పండితుల పరిభాషలో ఉల్లేఖన పరంపరలో ఏదో ఒక దశలో ఒక్క ఉల్లేఖకుడే ఉన్న హదీసు గరీబ్.

హిజ్రీ 816, అనగా క్రీ.శ. 1413లో మరణించిన సయ్యద్ షరీఫ్ జుర్జానీ 'కితాబుత్ తఅరీఫాత్' పేర ఇటువంటి పదాల నిర్వచనాలను సంకలనం చేశాడు. భారతదేశంలో ముహమ్మద్ అఅలా థానవీ హిజ్రీ 1158, అనగా క్రీ.శ. 1745లో 'కష్షాఫు ఇస్తిలాహాతిల్ ఫునూన్' పూర్తి చేశాడు. ఆ మహాగ్రంథాన్ని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ 1862లో అచ్చువేయించింది. విద్యలన్నిటి పదాలనూ ఒకచోట చేర్చి, ఏ పదం ఏ శాస్త్రంలో ఏ అర్థం ఇస్తుందో విడదీసి చెప్పడం ఈ గ్రంథాల పద్ధతి.

మూడు ఊళ్లు, రెండు దారులు

విద్వాంసులు గ్రంథాలలో విడదీసి చెప్పిన ఈ సంగతి రాయలసీమ దక్షిణపు అంచున రైతుల ఇళ్లలోని కాగితాలలో కూడా కనిపిస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం దగ్గర దగ్గర ప్రాంతాలే అయినా అవి కంపెనీ ప్రభుత్వంలో నడచిన దారులు వేరు. మదనపల్లె సీమ మైసూరు సుల్తానుల చేతి నుంచి నిజాముకు, 1800లో నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలోనిది. 1800 నుంచి 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పేరుతోనే రైత్వారీ విధానం ముడిపడి ఉంది. పుంగనూరు జమీందారీ గ్రామాల సీమ. కుప్పం కంగుంది జమీందారీలోనిది. ఈ రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, కడప జిల్లా నుంచి వచ్చిన మదనపల్లెతో కలిసి ఇవి ఒకే జిల్లాలోకి వచ్చాయి.

అందువల్ల ఒకే పదం ఈ ఊళ్లలో రెండు అర్థాలు పొందింది. 'పట్టా' అంటే మదనపల్లె రైతుకు సర్కారు తన పేర ఇచ్చిన భూమి పత్రం. పుంగనూరు, కంగుంది రైతుకు అది జమీందారు ఇచ్చే కాగితం. దానికి బదులుగా రైతు 'ముచ్చిలిక' రాసి ఇవ్వాలి. ఈ పట్టా, ముచ్చిలికల మార్పిడిని 1865 నాటి మదరాసు శిస్తు వసూలు చట్టం నిబంధనగా చేసింది. ఒక పట్టా యజమాన్యానికి గుర్తు. మరొక పట్టా కౌలు షరతులకు గుర్తు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జమీందారీ గ్రామాలలో కూడా పట్టా సర్కారుదే అయింది. కనుక పుంగనూరు సీమలో పాత పట్టా చేతికి వస్తే, దాని మీది పేరు కంటే ముందు దాని సంవత్సరం చూడాలి.

'కౌలు' మాట అరబ్బీ 'ఖౌల్' నుంచి వచ్చింది. దాని అర్థం 'పలికిన మాట'. ఇచ్చిన మాట ఒప్పందమై, ఒప్పందం గుత్తకు సేద్యమైంది. 'పేష్కష్' పారసీకంలో పెద్దల ముందు ఉంచే కానుక. జమీందారీ లెక్కలలో అది ఏటా తప్పక చెల్లించవలసిన పన్ను. కానుక అన్న పేరు నిలిచింది, ఇష్టం మాత్రం పోయింది.

కుప్పం నుంచి మైసూరు సరిహద్దు దాటితే ఉద్యోగి పేరే మారిపోయేది. మదరాసు వైపు తాలూకా అధికారి 'తహసీల్దారు', మైసూరు వైపు అతడే 'అమల్దారు'. మొదటి మాట 'తహసీల్', అనగా రాబట్టడం అన్న పదం నుంచి, రెండవది 'అమల్', అనగా పని అన్న పదం నుంచి వచ్చాయి. జకాత్ వసూలు కోసం పనిచేసేవారిని ఖుర్ఆన్ పేర్కొన్నది కూడా ఈ 'ఆమిల్' అన్న మాటతోనే. ఒకచోట పేరు చేతికి వచ్చే సొమ్మును బట్టి, మరొకచోట చేసే పనిని బట్టి ఏర్పడింది. రెండు కచ్చేరీలలో జరిగే పని మాత్రం ఒకటే.

అంకె కూడా పరిభాషే

పదాలే కాదు, అంకెలు కూడా మోసగిస్తాయి. రెవెన్యూ లెక్కలలో కనబడే 'ఫసలీ' సంవత్సరం 'ఫస్ల్', అనగా పంట కారు అన్న మాట నుంచి వచ్చింది. చాంద్రమానమైన హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులది. పంటలు సూర్యుని వెంట నడుస్తాయి. ఏటా పదకొండు రోజులు వెనుకకు జరిగే లెక్కతో శిస్తు వసూలు కుదరదు గనుక అక్బరు కాలంలో ఫసలీ ఏర్పడింది. మదరాసు పద్ధతిలో అది జూలై 1న మొదలవుతుంది. దానికి 590 కలిపితే ఆరంభపు క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ 1390 అంటే 1980 జూలై నుంచి 1981 జూన్ వరకు. అదే అంకెను హిజ్రీ అనుకుంటే 1970 వస్తుంది. పదేళ్ల తేడా! స్వాధీనాన్ని ఆధారం చేసుకున్న భూమి తగాదాలలో పన్నెండేళ్ల కాలపరిమితి ఉన్న దేశంలో పదేళ్ల పొరపాటు చిన్నది కాదు.

పేరు మిగిలింది, అధికారం పోయింది

'ఖాజీ' అంటే తీర్పు చెప్పేవాడు. 1880 నాటి ఖాజీల చట్టం ఆ పేరును నిలిపింది గాని, దాని వల్ల ఖాజీకి న్యాయాధికారం గాని పాలనాధికారం గాని సంక్రమించదని స్పష్టంగా చెప్పింది. నేడు ఈ ఊళ్లలో ఖాజీ అంటే నికాహ్ చదివించి, దాన్ని దఫ్తరులో నమోదు చేసేవాడు. ఇస్లామీయ చరిత్ర గ్రంథంలో ఖాజీ అన్న పదం చదివిన పిల్లవాడు తన ఊరి ఖాజీని తలచుకుంటే ఆ చరిత్ర సగం కూడా బోధపడదు.

'మునసబు' కథ కొంత వేరు. 'మున్సిఫ్' అంటే ఇన్సాఫ్ చేసేవాడు. 1816లో మదరాసు ప్రభుత్వం గ్రామపెద్దలకు చిన్న దావాలు విచారించే అధికారమిచ్చి ఈ పేరు పెట్టింది. కాలక్రమంలో గ్రామ మునసబు అంటే ప్రజలకు శిస్తు వసూలు చేసే మనిషే గుర్తుకు వచ్చేవాడు. అదే పేరుతో పట్టణంలో జిల్లా మునసబు కోర్టు ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో గ్రామ మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి.

ఇనామా, వక్ఫా?

ఈ మాటలన్నిటిలోకీ ముస్లిం సమాజానికి ఎక్కువ నష్టం తెచ్చిన గందరగోళం ఇనాము, వక్ఫ్ అన్న రెండు పదాలది. 'ఇన్ఆమ్' అంటే అనుగ్రహించి ఇచ్చినది. 'వక్ఫ్' అంటే ఆపివేయడం. అమ్మకానికి, దానానికి, వారసత్వానికి లోబడకుండా ఆస్తిని అల్లాహ్ పేర నిలిపివేయడం. మొదటిది ఇచ్చినవాని చేతిని చూపుతుంది. రెండవది ఆస్తి స్థితిని చూపుతుంది. కనుక ఒకే భూమి రెండూ కావచ్చు.

1858లో మదరాసులో ఏర్పడిన ఇనాము కమిషను సర్కారుకు శిస్తు రావాలా వద్దా అన్న దృష్టితో భూములను పరిశీలించింది. మసీదు భూమి, దర్గా భూమి, దేవాలయ భూమి, పండితుని భూమి అన్నీ ఆ రిజిస్టరులో 'ఇనాము'లే. అది రెవెన్యూ వారి ఇస్తిలాహ్. వారి పనికి అది చాలు. చిక్కు తరువాత వచ్చింది. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చి, ఇనాములు రైత్వారీ పట్టాలుగా మారినప్పుడు, 'ఇది ఇనామే గదా' అన్న ఒక్క మాటతో సేవకు పెట్టిన భూమి సేవకుని సొంత ఆస్తిగా చెల్లుబాటయ్యే ప్రమాదం ఏర్పడింది. 1998లో సయ్యద్ అలీ కేసులో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. ఒకసారి వక్ఫ్ అయిన ఆస్తి ఎప్పటికీ వక్ఫే; ఇనాము రద్దు చట్టం కింద వ్యక్తికి పట్టా వచ్చినంత మాత్రాన ఆ స్వభావం పోదని తీర్పు చెప్పింది. ఒక దఫ్తరు పెట్టిన పేరు మరొక శాస్త్రం నిర్ణయించిన స్థితిని మార్చజాలదన్నది ఈ తీర్పులోని సారాంశం.

నిఘంటువులు చేసిన మేలు

ఈ మిశ్రభాష చిక్కును తెలుగుదేశంలో శ్రద్ధగా పట్టించుకున్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో ఆయన కడపలో ఉద్యోగానికి వచ్చాడు. అప్పుడు మదనపల్లె ఆ జిల్లాలోనిదే. 1852లో 'జిల్లా నిఘంటువు', 1854లో 'మిశ్రభాషా నిఘంటువు' ప్రకటించాడు. పండితులు తెలుగుగా అంగీకరించని కచ్చేరీ మాటలకు ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే కేటాయించాడు. 1855లో లండనులో విల్సన్ ప్రకటించిన న్యాయ, రెవెన్యూ పదకోశం ఇదే పనిని దేశమంతటికీ చేసింది. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుత్తర్జుమా ఉర్దూలోనూ, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులోనూ కొత్త శాస్త్రాలకు పదాలు కల్పించాయి.

అయితే అచ్చయిన కోశం ఊళ్లోని ప్రతి కాగితానికీ జవాబు చెప్పదు. మసీదుల పెట్టెలలో, పాత ఇళ్ల అటకల మీద ఉన్న సనదులకు, ముచ్చిలికలకు, ఇనాము పత్రాలకు నకళ్లు తీసేటప్పుడు పాత మాటను తీసివేసి నేటి మాట పెట్టరాదు. ఉన్న మాట ఉన్నట్లే రాసి, ఏ దఫ్తరులో, ఏ సంవత్సరాన, ఎవరు రాసినదో పక్కన గుర్తు పెట్టాలి. ఇందుకు అరబ్బీ ఒక్కటే చాలదు, తెలుగు ఒక్కటే చాలదు. ఆలిములూ, రెవెన్యూ లెక్కలు తెలిసిన పెద్దలూ ఒకచోట కూర్చుని చేయవలసిన పని ఇది. ఆ లెక్కలు చేతితో రాసిన తరం క్రమంగా తగ్గిపోతున్నది గనుక ఆలస్యం తగదు.