డమాస్కస్ కత్తి కొంటున్నారా? ఓసారి కోనసముద్రం దాకా వెళ్ళొద్దాం

ట్రెక్కింగనీ, క్యాంపింగనీ కొండలు పట్టుకు తిరిగే మనవాళ్ళు ఈమధ్య బాగానే పెరిగారు. గుడారం, టార్చి కొన్నాక వాళ్ళ కన్ను పడేది కత్తి మీద. జేబులో పెట్టుకునే మడత కత్తి కాదు, పిడిలో గట్టిగా దిగిపోయిన ఫిక్స్‌డ్ బ్లేడ్. తాడు కొయ్యాలన్నా, పుల్లలు చెక్కాలన్నా అదే ఆధారం. వెతకడం మొదలెట్టగానే ఒంటి నిండా అలల్లాంటి చారలున్న కత్తి ఒకటి కనబడుతుంది. పక్కనే ‘డమాస్కస్ స్టీల్, ప్రాచీన రహస్యం’ అని రాసుంటుంది. ధర కూడా ఆ రాతకి తగ్గట్టే! ఆ రహస్యంలో మనకీ వాటా ఉంది కాబట్టి కాస్త లెక్కలు చూద్దాం.

అసలు డమాస్కస్ కత్తుల ఉక్కు డమాస్కస్‌లో తయారైంది కాదు. మధ్య ఆసియాలో కూడా మూసల్లో ఉక్కు చేసేవారు గానీ, పేరు మోసినవి మాత్రం దక్షిణ భారతం, శ్రీలంకల నుంచి ఎగుమతైన ఉక్కు ముద్దలే. 1790లలో హెలెనస్ స్కాట్ అనే డాక్టరు బొంబాయి నుంచి లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కి కొన్ని నమూనాలు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ వాటి మీద రాయల్ సొసైటీకి ఓ పేపరు సమర్పించాడు. అందులో దాని పేరు ‘ఊట్జ్’. మన ‘ఉక్కు’ (కన్నడిగులదీ అదే మాట లెండి) ఎవరి చెవిలోనో, ఎవరి చేతిరాతలోనో పడి అలా వంకర తిరిగిందని చాలామంది అంటారు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో దీన్ని విశ్లేషించి, అల్యూమినియం వల్లే ఈ గుణమని పొరబడ్డాడు. అంతటివాడికే అంతుపట్టలేదన్నమాట.

ఈ ఉక్కు చేసిన ఊళ్ళలో ఒకటి మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త అయిన హెన్రీ వోయ్సీ 1820లలో అక్కడికెళ్ళి, కమ్మర్లు చేసేది కళ్ళారా చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో పోయాడు, ఆ రాత 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, బొగ్గుల కొలిమిలో తిత్తులు ఊదుతూ రోజంతా కాచేవారు. తర్వాత నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఊళ్ళోనే మకాం వేసేవారట. ఆన్‌సైట్ క్లయింట్లు ఆఫ్‌షోర్‌కి వచ్చి కూర్చోవడం అప్పట్నుంచే ఉంది :)

ఆ ముద్దలో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. మామూలు ఉక్కుతో పోలిస్తే చాలా ఎక్కువ. ఎక్కువ వేడి మీద కొడితే పగిలిపోతుంది. అందుకే తక్కువ వేడిలో, ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ కాచి కొట్టేవారు. అలా కొడుతుంటే గట్టి కార్బైడ్ రేణువులు వరసలు కట్టి, ఆ వరసలే చారల్లా కనబడతాయి. 1998లో వెర్‌హోవెన్ అనే ప్రొఫెసరు, పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి తేల్చిన సంగతేంటంటే, ఆ వరసలకి మూలం ఖనిజంలో రవ్వంత ఉండే వెనేడియం లాంటి మలినాలు. అవి లేని ఖనిజం వాడితే అదే పద్ధతిలో చేసినా చారలు రావు. ఆ ఖనిజం దొరకడం ఆగిపోవడం వల్లే విద్య అంతరించి ఉంటుందని వాళ్ళ ఊహ. డాక్యుమెంటేషన్ లేని డిపెండెన్సీ అంటే ఇదే!

మరి ఇప్పుడు అమ్ముతున్నవో? చాలావరకు రెండు రకాల ఉక్కు రేకుల్ని అతికించి, మడిచి, యాసిడ్‌లో ముంచి చారలు తేల్చినవి. ఇదీ పాత విద్యే. అమెరికాలో బిల్ మోరన్ 1973లో ఇలాంటి కత్తులు ప్రదర్శించాక మళ్ళీ ఊపందుకుంది. మంచి కమ్మరి చేస్తే మంచి కత్తే. కానీ కోనసముద్రం ముద్దకీ దీనికీ చుట్టరికం పేరు వరకే. ఏ రెండు ఉక్కులో చెప్పని అమ్మకందారు దగ్గర చారలకి డబ్బు పొయ్యడం నాకు నచ్చదు.

పోనీ అసలు ఊట్జే దొరికితే? మనదని పొంగిపోయే ముందు 2008లో వెర్‌హోవెన్, పెండ్రే వాళ్ళే చేసిన పరీక్ష చూడాలి. మెత్తగా, అంటే రాక్‌వెల్ 41 దగ్గర ఉంచితే ఊట్జ్ పదును ఎక్కువ నిలిచింది. 61 దాకా గట్టిపరిస్తే 52100 అనే బేరింగ్ ఉక్కు, ఏఈబీ-ఎల్ అనే బ్లేడ్ల ఉక్కు కొంచెం ముందుకెళ్ళాయి. ఇప్పటి మంచి కత్తులు దాదాపు ఆ రెండో గట్టిదనంలోనే ఉంటాయి మరి.

కాబట్టి కొనేటప్పుడు ఉక్కు పేరు, గట్టిదనం అంకె, అంచు ఎంత పల్చగా ఉంది, లోహం పిడి చివరిదాకా ఉందా అన్నవి అడగండి. వానలో తిరిగేవాళ్ళయితే తుప్పు సంగతి కూడా. ఎస్30వీ అని ఓ స్టెయిన్‌లెస్ రకం ఉంది, కత్తుల కోసమే 2001లో అమెరికాలో రూపొందించారు. అందులో కర్బనం 1.45 శాతం, వెనేడియం 4 శాతం. మన కమ్మర్ల మూసలో తెలియకుండా చేరిన వెనేడియాన్ని వీళ్ళు తూకం వేసి కలిపారన్నమాట. చేసిన కంపెనీ 2024 చివర్లో దివాలా తీసింది. దాని పేరు క్రూసిబుల్, అంటే మూస.