గేరు రాడ్డు క్రింది రబ్బరు తొడుగు

పాత కారులలో నేలనుండి పైకి లేచియున్న గేరు రాడ్డు మొదట నల్లని రబ్బరు తొడుగు ఒకటి ఉండును. మెకానిక్కులు దానిని గేరు బూటు అందురు. ముడుతలు ముడుతలుగా ఉండు ఈ వస్తువు చిరిగినంతమాత్రమున బండి ఆగిపోదు. అందుచేతనే దానిని ఎవరును అంతగా పట్టించుకొనరు.

మొదటి కారులకు ఈ తొడుగుతో పనియే లేకుండెను. 1891లో ఫ్రాన్సులో పనార్-లెవస్సోర్ కంపెనీవారు ఇంజనును బండి ముందుభాగమున అమర్చి, జారుడు గేర్లద్వారా వెనుక చక్రములను త్రిప్పు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ తరువాత చాలకాలము పెక్కు కారులలో గేరు రాడ్డు డ్రైవరు ప్రక్కన, బండి అంచున ఉండెడిది. పైకప్పే లేని బండిలో నేలమీది రంధ్రమును మూసి ప్రయోజనమేమి? రాడ్డు బండి నడుమకు, గేరుపెట్టె నెత్తిమీదికి చేరి, కారు నాలుగువైపుల మూసిన గదివలె తయారైన పిమ్మటనే చిక్కు వచ్చినది. రాడ్డు ముందు వెనుకలకును ప్రక్కలకును కదలవలెను గనుక రంధ్రము రాడ్డుకన్న పెద్దదిగా ఉండక తప్పదు. ఆ సందులోనుండి ఇంజను వేడి, మ్రోత, రోడ్డు దుమ్ము, వాననీరు లోపలికి వచ్చును. మూతగా ఉండుచునే వంగుచుండు వస్తువు కావలసివచ్చెను. అప్పటికే స్ప్రింగులకు, కీళ్లకు తోలు తిత్తులు తొడుగుట వాడుకలో ఉన్నది. అచ్చులో పోసి ఎన్నింటినైనను తీయగల రబ్బరు రానురాను తోలు స్థానమును ఆక్రమించినది.

పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసెక్కును. గంధకము కలిపి వేడిచేసినచో ఈ రెండు దోషములును పోవునని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొని, 1844లో పేటెంటు పొందెను. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. గంధకము వాటిని అక్కడక్కడ ఒకదానితో నొకటి ముడివేయును. కాని ఆ గొలుసులలో కర్బన పరమాణువుల మధ్య జంటబంధములు చాల మిగిలియే ఉండును. గాలిలో అతిస్వల్పముగా నుండు ఓజోను వాటినే పట్టి తెంచును. సాగదీసియున్న చోట ఈ దాడి ఎక్కువగా కనిపించును. పగుళ్లు సాగిన దిక్కునకు అడ్డముగా ఏర్పడును. రాడ్డు కదలినప్పుడెల్ల సాగునవి ముడుతల శిఖరములే గనుక బూటు అక్కడనే మొదట పగులును. విచిత్రమేమనగా, బాసెల్ నగరమున షోన్‌బైన్ ఈ ఓజోను వాసనను గుర్తించినదియు 1839లోనే. మరుసటి ఏడు దానికి ఆ పేరు పెట్టెను.

పగిలిన బూటుతో వచ్చు చిక్కు దుమ్ముతో ఆగదు. బండి క్రింద పొగగొట్టము ఎక్కడైన తూటుపడియున్నచో, ఆ పొగ నేలసందులగుండ లోపలికి రాగలదు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ఆమ్లజనితోకన్న దానితో రెండువందల రెట్లకు మించిన గాఢతతో కూడును. జె. ఎస్. హాల్డేన్ 1895లో ఈ వాయువును స్వయముగా పీల్చి దాని ప్రభావములను పరీక్షించెను. తలనొప్పి, కునుకుపాటు కలిగినప్పుడు ప్రయాణపు బడలిక అని డ్రైవరు పొరబడుటయే ఇందలి అపాయము.

2014 వరకు మన దేశములో తయారైన అంబాసిడరు తొలి నమూనాలలో గేరు రాడ్డు స్టీరింగు ప్రక్కనే ఉండెడిది. ఈ బాధ వాటికి లేదు.

చినిగిన బూటుకు జిగురు పూసి అతుకు వేయువారు కలరు. చినిగిన చోటే వంగవలసిన చోటు గనుక ఆ అతుకు ఎక్కువకాలము నిలువదు. క్రొత్తది వేయుటయే మేలు. రాడ్డు తలమీది గుండును మరత్రిప్పి తీసి, నేలకు బిగించిన పట్టీ మరలను ఊడదీసినచో పాత బూటు పైకి వచ్చును. క్రొత్తదానిని దించుటకు సబ్బునీరు చాలును. ఇంజను నూనెగాని గ్రీజుగాని పూసినచో సహజమైన రబ్బరు ఉబ్బి మెత్తబడును. క్రొత్తది దొరకని బండ్లకు పాత బూటును విప్పి, దాని కొలతకు తోలు ముక్కలు కత్తిరించి కుట్టించుకొనవచ్చును. కుట్టు రంధ్రములలోనుండి కొంత గాలి వచ్చును గాని, ఓజోనువలన రబ్బరుకు కలుగు పగుళ్లు తోలుకు రావు. పొగగొట్టపు కీళ్లను ఆ పూటనే చూచుకొనుట మంచిది.