ఇసుక మీద నిలిచిన దారి

హాంకాంగ్ విమానాశ్రయం చాలామటుకు సముద్రాన్ని పూడ్చిన నేల మీదే ఉంది. 1998లో తెరిచిన ఆ విమానాశ్రయంలో విమానాలు ఆగే ప్రాంగణానికి లక్షల చదరపు మీటర్ల మేర కాంక్రీటు పేవర్ బ్లాకులు పరిచారు. మన అపార్ట్‌మెంట్ల పార్కింగులో ఉండేవీ ఆ జాతివే. ఇంధనం, జనం, సామాను నింపుకున్న బోయింగ్ 747 దాదాపు 400 టన్నులు తూగుతుంది. దాని చక్రాల కింద చేత్తో ఎత్తి పెట్టగలిగే చిన్న చిన్న దిమ్మెలు. వాటి అడుగున ఇసుక, దిమ్మెకీ దిమ్మెకీ మధ్య సందులోనూ ఇసుకే. దేన్నీ సిమెంటుతో అతికించలేదు.

మన వీధిలో మాత్రం నాలుగు వానలు పడకముందే బ్లాకులు ఊగుతాయి. కాలు మోపగానే సందులోంచి బురదనీళ్లు ప్యాంటు మీదికి చిమ్ముతాయి. బ్లాకు నాసిరకం అయి ఉంటుందని తిట్టుకుంటాం. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఎక్కువసార్లు చూడాల్సింది ఇసుక వంక.

రాళ్లు పరిచి బాట వెయ్యడం కొత్త విద్యేమీ కాదు. క్రీ.పూ. 312లో రోమన్లు మొదలుపెట్టిన అపియన్ దారిలో ఆనాటి నల్లరాళ్లు కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. మనకు తాండూరు, షాబాదు, కడప బండలు ఉండనే ఉన్నాయి. పేవర్ బ్లాకు మాత్రం యుద్ధంలో బూడిదైన ఒక ఊరి అవసరంలోంచి వచ్చింది.

నెదర్లాండ్స్ పడమటి భాగంలో నేల మహా మెత్తన. గౌడా లాంటి ఊళ్లలో వీధులు ఏటికేడు కుంగుతూనే ఉంటాయి, కొన్నేళ్లకోసారి వాటిని ఇసుకపోసి ఎత్తు చెయ్యాల్సిందే. అలాంటి చోట ఏకరాయిలా పోతపోసిన రోడ్డు పగిలిపోతుంది. అందుకే డచ్చివాళ్లు బాగా కాల్చిన మట్టి ఇటుకల్ని ఇసుక మీద పేర్చి వీధులు వేసుకునేవారు. కుంగిందా, ఇటుకలు తీసి, ఇసుక పోసి, మళ్లీ వాటినే పేర్చడం. అక్కడ అదొక ప్రత్యేక వృత్తి, ఆ పనివాళ్లు ఈనాటికీ ఉన్నారు.

1940 మే 14న జర్మన్ విమానాలు అదే దేశంలోని రాటర్‌డ్యామ్ మీద బాంబులు కురిపించాయి. ఊరి నడిబొడ్డు తగలబడిపోయింది. సుమారు 80 వేల మంది నిలువనీడ లేకుండా పోయారు. యుద్ధం ముగిశాక ఊరిని మళ్లీ కట్టుకుందామంటే ఇళ్లకే ఇటుకలు చాలని పరిస్థితి, ఇక వీధులకు ఎక్కడివి? అప్పుడు కాంక్రీటుతో, పనివాళ్ల చేతికి అలవాటైన ఇటుక కొలతలోనే, దిమ్మెలు పోశారు. కొరత తీరేదాకా ఏదో సర్దుబాటు అనుకున్నది 1950లు గడిచేసరికి మట్టి ఇటుకకే పోటీగా నిలబడింది.

డచ్చివాళ్ల దిమ్మె తిన్నటి దీర్ఘచతురస్రం. దానికి పళ్లు పెట్టింది జర్మనీ. 1960లలో ఫ్రిట్జ్ ఫాన్ లాంగ్స్‌డార్ఫ్ రూపొందించిన వంకర టింకర అంచుల దిమ్మె ఒకదాంట్లో ఒకటి కూర్చునేది. దాని తయారీ హక్కులు దేశదేశాలకూ వెళ్లాయి. మన దగ్గర జిగ్‌జాగ్ టైల్ అని అడిగి తెచ్చుకునేది ఆ వంశంలోదే.

చూడగానే పళ్లే పట్టి ఉంచుతున్నాయని అనిపిస్తుంది. ఆస్ట్రేలియా ఇంజినీరు బ్రయన్ షాకెల్ 1970ల చివర్లో దక్షిణాఫ్రికాలో భారీ వాహనాల బరువును పదేపదే మోపే యంత్రంతో ఈ బాటల్ని పరీక్షించాడు. బండ్లు తిరిగేకొద్దీ బాట వదులవడానికి బదులు బిగుసుకోవడం అక్కడ కనిపించింది. పళ్లు ఏమాత్రం సాయపడతాయన్న వాదన ఇంజినీర్ల మధ్య చాలాకాలం నడిచింది గానీ, సందులో ఇసుక లేకపోతే ఏ ఆకారమూ పనిచెయ్యదన్న దగ్గర పేచీ లేదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఆ సందులో సన్నటి పొడి ఇసుక నిండితే, చక్రం మోపిన దిమ్మె తన మీద పడిన బరువును రాపిడితో పక్కవాటికి పంచుతుంది. సందు ఖాళీగా ఉంటే బరువంతా ఒంటరిగా మోసి దిగబడిపోతుంది. బండ్లు తిరిగేచోట చేపముల్లు వరుసలో పేర్చితే బ్రేకు వేసినా, మలుపు తిరిగినా దిమ్మెలు పక్కకు జరగవు. అంచుల్లో కర్బ్ రాళ్లు మాత్రం గట్టిగా ఉండాలి. అవి లేని బాట గట్టు తెగిన చెరువే.

మన దగ్గర నియమాలకేం లోటు లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2004లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2006లో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం వచ్చింది. దాని లెక్కన మనుషులు నడిచే చోటికి 50 మిల్లీమీటర్ల మందం, ఎం30 స్థాయి బలమున్న కాంక్రీటు చాలు. మరీ బరువైన వాహనాలకు 120 మిల్లీమీటర్లు, ఎం55 కావాలి. పని దగ్గరికి వస్తే కథ మారుతుంది. రబ్బరు అచ్చులో పోసి తీసిన దిమ్మె అద్దంలా మెరిస్తే కొనేవాళ్లు ముచ్చటపడతారు, వానకు జారుతుందన్న సంగతి తర్వాత తెలుస్తుంది. అడుగున కంకర సరిగా కూరరు. ఇసుక బదులు మెత్తటి క్రషర్ డస్ట్ పోస్తారు, అది నీళ్లు పట్టి బురదై ఉబుకుతుంది. ఇసుకను చీపురుతో సందుల్లోకి ఊడ్చి, ప్లేట్ వైబ్రేటర్ తిప్పి, మళ్లీ ఊడ్చాల్సిన చివరి పనికి ఓపిక ఉండదు. కొందరైతే గట్టిగా ఉంటుందని సందుల్లో సిమెంటు పాలు పోసేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఇక ఆ బాట కదలడానికీ, విప్పడానికీ పనికిరాదు. పైపు పగిలిందని తవ్వితే దిమ్మెలు ముక్కలై చెత్తలోకి పోతాయి, గుంటలో కాంక్రీటు పోసి వెళ్లిపోతారు.

సిమెంటు పోసిన సందులోంచి వాన చుక్క కూడా దిగదు. నీళ్లు ఇంకాలని కోరుకునేవాళ్లు సందును కాస్త వెడల్పుగా వదిలి ఇసుకకు బదులు సన్న చిప్స్ నింపుతారు, అడుగున నీళ్లు దిగే ఖాళీలున్న కంకర పొరలు వేస్తారు. వేప చెట్టు మొదలుదాకా బిగించి పరిచే మనవాళ్ల పని అందుకు సరిగ్గా ఎదురు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని ఆదేశించాల్సి వచ్చింది. దిమ్మెల్ని ఇసుక మీద పేర్చిన చోట ఆ పనికి ఒక గడ్డపార, ఇద్దరు మనుషులు చాలు. కింద బెడ్ కాంక్రీటు పోసిన చోట డ్రిల్లింగ్ మిషన్లు దించాలి.